అమెరికా నాయకుల సంతోషం నటనేనా? దాన్ని వార్తలో ఎలా రాయాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీరు జర్నలిజం చదువుతున్నారు, అమెరికా రాజకీయాల మీద రాయడం మొదలుపెట్టారు. అక్కడి నాయకులు చిన్న సంగతికి కూడా ‘థ్రిల్డ్’, ‘ఆనర్డ్’ అంటారు. సభల్లో పైనుంచి బెలూన్లు రాలతాయి. అభ్యర్థి ఎప్పుడు చూసినా పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ ఉంటాడు. ఇదంతా నటనే కదా, నటనైతే వార్తలో దానికి చోటు ఎందుకివ్వాలి అని అడిగారు.

నేను హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రికలో ఇరవై ఏళ్లకు పైగా అంతర్జాతీయ డెస్క్ చూశాను. 2000 నుంచి 2020 దాకా ఆరు అధ్యక్ష ఎన్నికల ఫలితాలు ఆ డెస్క్ మీదే రాశాను. మొదట్లో నాకూ మీలాగే అనిపించేది. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఆ సంతోషంలో సగం మర్యాద. పెళ్లికి వచ్చిన ప్రతి ఒక్కరినీ ‘రండి రండి, మీరు రావడం ఎంత సంతోషమో’ అంటాం. వందమందికి అదే మాట అంటాం కాబట్టి అది అబద్ధమైపోదు. మిగతా సగంలోనే అసలు వార్త ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి నేను చూసేది ఒక్కటే: ఆ ఘడియలో సంతోషించలేని మనుషులు ఎవరున్నారు, సంతోషిస్తున్నవాళ్లకు వాళ్లు గుర్తున్నారా?

ముందు మాటల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే కాపీలు ఎక్కువగా ఇక్కడే చెడిపోతాయి. ‘ప్రౌడ్’ అన్నప్పుడల్లా ‘గర్వంగా ఉంది’ అని రాస్తాం. తెలుగులో గర్వం పొగరుకు చుట్టం. కొడుకు మంచి ఉద్యోగం తెచ్చుకుంటే మన ఇళ్లలో ‘కడుపు నిండిపోయింది’ అంటారు, ‘గర్వంగా ఉంది’ అనేది ఈ మధ్య వచ్చిన వాడుక. ‘గర్వకారణం’ అని రాస్తే కొంత నయం. ‘హంబుల్డ్’ అని గెలిచినవాడు అంటే ‘వినమ్రుడినయ్యాను’ అని రాయకండి, ‘ఇంత గౌరవానికి నేను తగుతానా అనిపిస్తోంది’ అని రాయండి, ఆయన చెప్పేది అదే. ‘ఎక్సైటెడ్’కు ‘ఉద్వేగం’ అస్సలు పనికిరాదు, ‘ఎప్పుడెప్పుడా అని ఎదురుచూస్తున్నాను’ సరిపోతుంది. ఇక జరిగిపోయినదానికి అభినందనలు, జరగబోయేదానికి శుభాకాంక్షలు. గెలిచినవాడికి శుభాకాంక్షలు చెప్పించే హెడ్డింగులు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి.

అమెరికాలో సంతోషం రాజకీయ పదం కావడం వెనక ఒక కాగితం ఉంది. 1776 స్వాతంత్ర్య ప్రకటనలో ప్రాణం, స్వేచ్ఛ, ఆనందం కోసం ప్రయత్నించడం అనే మూడింటినీ ఎవరూ లాక్కోలేని హక్కులుగా రాశారు. జాన్ ఆడమ్స్ జులై 3న భార్య అబిగెయిల్‌కు రాసిన ఉత్తరంలో, ఈ రోజును రాబోయే తరాలు ఊరేగింపులతో, ఆటలతో, తుపాకుల మోతతో, గంటలతో, మంటలు వేసి జరుపుకుంటాయని ముందే చెప్పేశాడు. తేదీ మాత్రం జులై 2 అనుకున్నాడు, ఎందుకంటే విడిపోవాలన్న తీర్మానం ఆ రోజే పాసయింది. దేశం పుట్టిన గంటలోనే దాని పండగ ఎలా ఉండాలో రాసుకున్నారంటే, ఆనందం వాళ్లకు ఎంత పెద్ద విషయమో చూడండి.

ఆ పండగకు మొదటి గట్టి జవాబు 1852లో వచ్చింది. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్‌ను న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగానికి పిలిచారు. ఆయన జులై 4న కాకుండా 5న మాట్లాడాడు. ఈ జులై నాలుగు మీది, నాది కాదు, మీరు సంబరపడొచ్చు, నేను దుఃఖించాలి అన్నాడు. వినడానికి వచ్చినవాళ్లు ఆయనకు శత్రువులు కారు, చాలామంది బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్లే. వాళ్ల ముఖం మీదే ఆ మాట అన్నాడు. మీరు అమెరికా రాజకీయాలు రాయాలనుకుంటే ఈ ప్రసంగం పూర్తిగా చదవండి. పండగలో ఎవరికి చోటు లేదో అడగడం అక్కడ దేశద్రోహం కాదని, అది కూడా ఆ పండగ సంప్రదాయంలో భాగమేనని అప్పుడు అర్థమవుతుంది.

నాకు ఇష్టమైన ఉదాహరణ మాత్రం 1865 ఏప్రిల్. బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య నాలుగేళ్ల అంతర్యుద్ధం, లక్షల చావులు. ఏప్రిల్ 9న వర్జీనియాలోని అపోమాటాక్స్ కోర్ట్‌హౌస్ అనే చిన్న ఊళ్లో, ఒక ఇంటి ముందుగదిలో దక్షిణాది సేనాని రాబర్ట్ లీ లొంగిపోయాడు. లీ కొత్త యూనిఫారంలో, నడుముకు అందమైన కత్తితో వచ్చాడు. గెలిచిన ఉత్తరాది సేనాని గ్రాంట్ మాత్రం మామూలు సిపాయి తొడిగే కోటులో, బురద పడ్డ బూట్లతో వచ్చాడు. భుజాల మీద పట్టీలు చూస్తే తప్ప ఆయన జనరల్ అని తెలియదు. షరతులు రాసిచ్చాడు: అధికారుల కత్తులు, పిస్తోళ్లు వాళ్ల దగ్గరే ఉంచుకోవచ్చు. సొంత గుర్రాలు ఉన్న సైనికులు వాటిని ఇంటికి తోలుకుపోవచ్చు, పొలం దున్నుకోవాలి కదా. లీ మనుషులు ఆకలితో ఉన్నారని తెలిసి పాతిక వేల మందికి సరిపడా తిండి పంపే ఏర్పాటు చేశాడు.

ఆ వార్త తెలియగానే గ్రాంట్ సైన్యం ఆగలేదు. విజయానికి గుర్తుగా ఫిరంగులు పేల్చడం మొదలుపెట్టారు. గ్రాంట్ వెంటనే కబురు పంపి ఆపించాడు. వాళ్లిప్పుడు మన ఖైదీలు, వాళ్ల పతనం చూసి మనం చిందులు వేయడం ఇష్టం లేకపోయింది అని తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అంతకాలం అంత ధైర్యంగా పోరాడిన శత్రువు కూలిపోతుంటే సంతోషించాలనిపించలేదని, అయితే వాళ్లు పోరాడిన ఆశయం మాత్రం మనిషి పోరాడగలిగిన వాటిలో అతి చెడ్డదని కూడా ఆయన రాశాడు. ఈ రెండో వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. మీరు వదలొద్దు. ఓడినవాడి మీద దయ చూపడం వేరు, వాడి పక్షం సరైనదేనని ఒప్పుకోవడం వేరు.

మరుసటి రోజు వాషింగ్టన్‌లో జనం బ్యాండుమేళంతో వైట్‌హౌస్ ముందు చేరి లింకన్‌ను మాట్లాడమన్నారు. ఆయన మాట్లాడే బదులు బ్యాండువాళ్లను ‘డిక్సీ’ వాయించమన్నాడు. అది దక్షిణాది సైన్యం పాడుకునే పాట. నేను విన్న మంచి పాటల్లో ఇదొకటి, నిన్న దాన్ని కూడా మనం గెలుచుకున్నాం, కావాలంటే ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అటార్నీ జనరల్ కూడా ఇది న్యాయంగా మనదేనని చెప్పాడు అన్నాడు. జనం నవ్వారు, బ్యాండు వాయించింది. గెలిచిన రాజధానిలో, గెలిచిన అధ్యక్షుడి ఇంటి ముందు, ఓడినవాళ్ల పాట. నాలుగు రోజుల తర్వాత ఆయన్ను కాల్చేశారు.

అదే ఏడాది జూన్ 19న టెక్సస్‌లోని గాల్వెస్టన్ ఓడరేవులో జనరల్ గోర్డన్ గ్రాంజర్ మూడో నంబరు ఉత్తర్వు జారీ చేశాడు. బానిసలందరూ స్వతంత్రులు అని. బానిసల విముక్తి చాటిన లింకన్ ప్రకటన వచ్చి అప్పటికి రెండున్నరేళ్లు. ఆ కబురును ఆలస్యంగా విన్న జనం మరుసటి ఏడాది నుంచి ఆ తేదీని పండగ చేసుకున్నారు. డగ్లస్ తనకు లేదన్న జులై 4 స్థానంలో వాళ్లు సొంతంగా నిలబెట్టుకున్న రోజు ఇది. ఫెడరల్ సెలవు దినం కావడానికి 2021 జూన్ 17 దాకా పట్టింది. జూన్‌టీన్త్ అని పిలిచే ఈ జూన్ 19 పండగ గురించి రాసేటప్పుడు ‘నల్లజాతీయుల వేడుక’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. స్వేచ్ఛ వచ్చినందుకు సంతోషం, ఆలస్యంగా వచ్చినందుకు బాధ, రెండూ ఆ రోజులో కలిసే ఉంటాయి.

ఇక సభల్లో కనిపించే హుషారు. దీన్ని చూసి చాలామంది అంతా డబ్బిచ్చి చేయించిందేనని కొట్టిపారేస్తారు. అందుకే 2007 నాటి ఒక ఉదయం గురించి చెబుతాను. ఒబామా అప్పటికి అధ్యక్ష అభ్యర్థి కావడానికి జరిగే పోటీలో వెనకబడి ఉన్నాడు. సౌత్ కెరొలైనాలో ఒక రాజకీయ నాయకురాలి మద్దతు కోసం గ్రీన్‌వుడ్ అనే చిన్న ఊరికి వస్తానని మాటిచ్చాడు. తీరా చూస్తే ఆ ఊరు ఎక్కడికీ దగ్గర కాదు. వర్షం, నిద్రలేమి, పేపర్లో తన గురించి బాగోలేని కథనం. గంటన్నర కారులో వెళితే అక్కడున్నది ఇరవై మంది. వాళ్లూ నిద్రమొహాలతోనే ఉన్నారు. ఆయన అందరికీ చేతులు కలుపుతుంటే వెనక నుంచి ఒక గొంతు: ‘ఫైర్డ్ అప్!’ గదిలో అందరూ అదే మాట తిరిగి అన్నారు. ‘రెడీ టు గో!’ మళ్లీ అందరూ. చర్చికి వెళ్లే టోపీ పెట్టుకున్న ఒక నడివయసు మహిళ నవ్వుతూ నిలబడి ఉంది. ఆమె ఈడిత్ చైల్డ్స్, ఆ కౌంటీ కౌన్సిల్ సభ్యురాలు. ఆమె ఆపలేదు. కాసేపటికి తనకూ హుషారు వచ్చేసిందని, ఒక గొంతు ఒక గదిని మార్చగలదని ఒబామా తర్వాత వందల సభల్లో ఈ కథ చెప్పాడు.

ఇది కొత్తగా పుట్టిన నినాదం కాదు. పౌరహక్కుల ఉద్యమ సభల నుంచి, నల్లజాతీయుల చర్చిల నుంచి వచ్చిన పద్ధతి: ఒకరు అంటారు, అందరూ అందుకుంటారు. మనకు బుర్రకథలో వంత ఉంది కదా, అక్కడి సభల్లో జనం చేసేది అదే. కథకుడికి ఊపు వంతల నుంచి వస్తుంది. అందుకే ‘నినాదాలు మార్మోగాయి’ అని రాసి ఊరుకోకండి. ఎవరు మొదలెట్టారు, ఎవరు అందుకున్నారు, ఎవరు మౌనంగా ఉన్నారు, అది రాయండి.

హుషారు విషయంలో నేను చేసిన తప్పొకటి చెప్పాలి. 2004 జనవరి 19న అయోవాలో, డెమోక్రాట్లు తమ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే తొలి పోరులో హోవార్డ్ డీన్ మూడో స్థానంలో నిలిచాడు. ముందు వరకూ ఆయనే గెలుస్తాడనుకున్నారు. ఆ రాత్రి తన కార్యకర్తల ముందు చొక్కా చేతులు మడిచి, ఇంకా ఏ ఏ రాష్ట్రాలకు వెళతామో ఒక్కొక్కటే పేరు చదువుతూ చివర్లో ఒక కేక పెట్టాడు. టీవీల్లో ఆ కేక ఒక్కటే వినిపించింది. ఏజెన్సీ వీడియో చూసి నేను ఆయన అదుపు తప్పి అరిచాడని రాసేశాను. తర్వాత తెలిసింది. ఆయన చేతిలో ఉన్నది చుట్టూ శబ్దాన్ని కోసేసి ఒక్క గొంతునే పట్టే మైకు. ఆ హాల్లో వేల మంది అరుస్తున్నారు, అక్కడున్నవాళ్లకు ఆయన గొంతు సరిగ్గా వినిపించనే లేదు. దిగాలుగా ఉన్న కుర్రాళ్లను లేపడానికి ఆయన చేసిన ప్రయత్నం, హాలు శబ్దం తీసేస్తే పిచ్చితనంలా కనిపించింది. ఆ క్లిప్‌ను చానళ్లు వందలసార్లు తిప్పాయి. ఆయన అప్పటికే ఓడిపోతున్నాడు, ఆ కేకే ఓడించిందనడం సరికాదు, కానీ మళ్లీ లేవకుండా చేసింది. అప్పటి నుంచి హాలు మొత్తం కనిపించే దృశ్యం, దాని శబ్దం చూడకుండా ఎవరి సంతోషాన్నీ, ఎవరి కోపాన్నీ నేను కాపీలో పెట్టలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు గుండెకాయ లాంటి భాగం. ఆనందాన్నే ఎన్నికల సరుకుగా పెట్టినప్పుడు ఏం జరుగుతుంది?

1932లో దేశం మాంద్యంలో మునిగి ఉంది. ఏడాది తిరిగేసరికి పనిచేయగలవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరు నిరుద్యోగి. అలాంటి సమయంలో షికాగోలో డెమోక్రటిక్ పార్టీ మహాసభలో అధ్యక్ష అభ్యర్థి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కోసం ‘హ్యాపీ డేస్ ఆర్ హియర్ అగైన్’ అనే పాట వాయించారు. మంచి రోజులు మళ్లీ వచ్చేశాయట! కాగితం మీద చూస్తే గాయం మీద కారం చల్లినట్టు ఉండాలి. కానీ జనం దాన్ని గుండెకు హత్తుకున్నారు, దశాబ్దాల పాటు అది ఆ పార్టీ పాటైపోయింది. ఎందుకు? రూజ్‌వెల్ట్ ఆ ఏప్రిల్‌లోనే రేడియోలో, ఆర్థిక పిరమిడ్ అడుగున అందరూ మర్చిపోయిన మనిషి గురించి మాట్లాడాడు. బాధకు ముందు పేరు పెట్టాడు. జులై 2న, అభ్యర్థి ఇంట్లోనే కూర్చుని కబురు కోసం ఎదురుచూడాలన్న పాత ఆనవాయితీని పక్కనపెట్టి, ఆల్బనీ నుంచి ఎదురుగాలిలో విమానమెక్కి షికాగో వచ్చి, మీకు ‘న్యూ డీల్’, అంటే కొత్త ఒప్పందం, ఇస్తానని ప్రమాణం చేశాడు. నడవలేని మనిషి అంత దూరం వచ్చి నవ్వుతూ నిలబడ్డాడు. ఆ నవ్వును నమ్మడానికి జనానికి కారణాలున్నాయి.

1968 ఏప్రిల్ 27న ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ తన పోటీని ప్రకటిస్తూ ఆనందపు రాజకీయం అన్నాడు. ఆయన స్వతహాగా ఉల్లాసమైన మనిషి, మాట నిజాయితీగానే వచ్చింది. కానీ మూడు వారాల క్రితమే, ఏప్రిల్ 4న, మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపేశారు. నగరాలు తగలబడ్డాయి. వియత్నాం నుంచి శవపేటికలు వస్తున్నాయి. జూన్‌లో రాబర్ట్ కెన్నెడీని చంపారు. ఆగస్టులో షికాగోలో పార్టీ మహాసభ బయట పోలీసులు యువకులను లాఠీలతో కొడుతుంటే టీవీలో దేశమంతా చూసింది. ఆ మాట ఆయన మెడకు చుట్టుకుంది. నవంబర్‌లో నిక్సన్ చేతిలో ఒక శాతం కూడా లేని తేడాతో ఓడిపోయాడు. పౌరహక్కుల కోసం 1948లోనే సొంత పార్టీని ఎదిరించిన మనిషి ఆయన. ఆ ఒక్క మాటతో ఆయన్ను గుర్తుపెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

1984లో రీగన్ ప్రకటన చూడండి, దొరుకుతుంది. అమెరికాలో మళ్లీ తెల్లవారింది అంటూ మెల్లగా మొదలవుతుంది. ఈ రోజు ఎంతమంది పనికి వెళుతున్నారు, ఎన్ని కుటుంబాలు కొత్త ఇల్లు కొంటున్నాయి, ఎన్ని జంటలు పెళ్లి చేసుకుంటున్నాయి, వడ్డీరేట్లు ఎంత తగ్గాయి, ఒక్కొక్కటే చెబుతుంది. సంతోషం కింద అంకెలు పరిచారు. 1982 చివర్లో 10.8 శాతం ఉన్న నిరుద్యోగం ఎన్నికల నాటికి ఏడు శాతం చిల్లరకు దిగింది కాబట్టి జనం తమ ఇంట్లోనే ఆ ప్రకటనను సరిచూసుకోగలిగారు. 49 రాష్ట్రాలు ఆయనవే. మూతపడ్డ ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్లు, అప్పుల్లో పోయిన పొలాలు ఆ ప్రకటనలో లేవు. గెలిచింది కాబట్టి ఆ లోటు లేనట్టు కాదు, మీరు రాసేటప్పుడు వాటినీ గుర్తుపెట్టుకోండి.

2024 ఆగస్టు 6న ఫిలడెల్ఫియాలో కమలా హారిస్‌తో మొదటిసారి వేదికెక్కిన ఆమె ఉపాధ్యక్ష అభ్యర్థి టిమ్ వాల్జ్, ఆనందాన్ని తిరిగి తెచ్చినందుకు ఆమెకు ధన్యవాదాలు చెప్పాడు. బైడెన్ పోటీ నుంచి తప్పుకుని అప్పటికి రెండు వారాలే. ఆ పార్టీవాళ్లకు నిజంగా ఊపిరి తిరిగొచ్చినట్టే అయింది, అందులో నటన ఏమీ లేదు. కానీ ఆ ఊరట పార్టీ లోపలిది. కిరాణా బిల్లు చూసి నిట్టూర్చే ఓటరుకు ఆ హాల్లో జరుగుతున్నది తన పండగ అనిపించలేదు. నా అంచనా ఇది: 1932లో బాధ ముందు వచ్చింది, పాట తర్వాత. 2024లో పాట ముందు వచ్చింది. ఆమె ఓటమికి ఇదొక్కటే కారణం అనను, కానీ ఈ తేడా నాకు స్పష్టంగా కనిపించింది.

తండ్రీ కొడుకుల కథ ఒకటుంది, దీన్ని కూడా పక్కపక్కన పెట్టి చూడాలి. 1989 నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. అమెరికా నలభై ఏళ్లుగా కోరుకున్నది అదే. విలేకరులు పరుగున ఓవల్ ఆఫీసుకు వెళితే అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్ కుర్చీలో ఒదిగి కూర్చుని మెల్లగా మాట్లాడాడు. మీరు ఉప్పొంగిపోతున్నట్టు కనిపించడం లేదే అని ఒక విలేకరి అడిగితే, నేను అంతగా భావోద్వేగాలు చూపించే మనిషిని కాదు అన్నాడు. విమర్శలు వచ్చాయి. కానీ ఆయన చూస్తున్నది మాస్కో వైపు. తాను గోడెక్కి గంతులేస్తే అక్కడ సోవియట్ నాయకుడు గోర్బచేవ్‌ను కూల్చాలని చూసేవాళ్లకు ఆయుధం ఇచ్చినట్టవుతుంది. ఆయన మౌనం వెనక పెద్ద లెక్క ఉంది.

పదమూడున్నరేళ్ల తర్వాత, 2003 మే 1న, కొడుకు బుష్ విమానవాహక నౌక అబ్రహాం లింకన్ మీద దిగాడు. వెనక పెద్ద బ్యానర్: ‘మిషన్ అకాంప్లిష్డ్’, అంటే పని పూర్తయింది అని. ఇరాక్‌లో ప్రధాన పోరాటం ముగిసిందని చెప్పాడు. నెలల తరబడి సముద్రంలో ఉండి ఇంటికి వస్తున్న నావికులకు ఆ సంతోషం న్యాయమైనదే, వాళ్ల పని నిజంగా అయిపోయింది. ఇరాక్‌లో ఉన్నవాళ్ల పని అవలేదు. అమెరికా సైనికులు నాలుగు వేల మందికి పైగా అక్కడ చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఆ బ్యానర్ తర్వాతే. ఇరాకీల సంఖ్య ఇంకా ఎంతో పెద్దది. ఆ బ్యానర్ పెట్టడం పొరపాటేనని పదవి దిగే ముందు 2009 జనవరిలో ఆయనే ఒప్పుకున్నాడు.

బెలూన్లు, కాగితపు ముక్కలు వంటివాటికి ఒక వాక్యం చాలు. న్యూయార్క్ బ్రాడ్‌వే మీద కాగితం కురిపించే ఊరేగింపు 1886లో స్వేచ్ఛా విగ్రహం ఆవిష్కరణ రోజున మొదలైంది, షేర్ల ధరలు అచ్చయ్యే సన్నటి పట్టీలను ఆఫీసుల కిటికీల్లోంచి గుమస్తాలు విసిరారు. బెలూన్లు సమయానికి పడకపోతే అది అపశకునమంటూ రాసేవాళ్లుంటారు. 1980లో కార్టర్ సభలో, 2004లో కెరీ సభలో అవి మొరాయించాయి, ఇద్దరూ ఓడారు. వల తాళ్లకూ ఓటరుకూ సంబంధం లేదు, వదిలేయండి.

వదలకూడనిది ఓడినవాడి అభినందన. 1896లో విలియం జెన్నింగ్స్ బ్రయన్ గెలిచిన మెకిన్లీకి టెలిగ్రాం పంపినప్పటి నుంచి ఇది ఆనవాయితీ. చట్టం కాదు, ఎవరూ బలవంతపెట్టలేరు. 2008లో ఒబామా గెలిచిన ఫలితం వచ్చేసరికి మనకు నవంబర్ 5 ఉదయం తొమ్మిదిన్నర. డెస్క్‌లో అందరం షికాగో గ్రాంట్ పార్క్ జనాన్నే చూస్తున్నాం. ఏడుస్తూ నిలబడ్డ పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ ఫొటో మొదటి పేజీకి ఖాయమైపోయింది. ఇంకో టీవీలో ఫీనిక్స్‌లో ఓడిన అభ్యర్థి మెకెయిన్ మైకు ముందుకొచ్చాడు. ఒబామా పేరు ఎత్తగానే ఆయన మనుషులు గోలచేశారు. ఆయన చేతులెత్తి వారించాడు. నల్లజాతి అమెరికన్లకు ఈ రాత్రి ఎంత ప్రత్యేకమో నాకు తెలుసు అన్నాడు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్‌ను వైట్‌హౌస్‌లో భోజనానికి పిలిస్తే అప్పట్లో దేశంలో ఎంత రచ్చ అయిందో గుర్తుచేశాడు. ఎన్నికకు కాస్త ముందే చనిపోయిన ఒబామా అమ్మమ్మను తలుచుకుని, ఆమె ఈ రోజు చూడలేకపోయిందే అన్నాడు. ఓడిన మనిషి, గెలిచినవాడి సంతోషంలో ఉన్న దుఃఖాన్ని కూడా చూడగలిగాడు. నేను ఆ ప్రసంగాన్ని అనువదిస్తూ మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. మా న్యూస్ ఎడిటర్ దానికి మూడు కాలమ్‌ల చోటిచ్చారు.

2020లో ఆ ఆనవాయితీ తెగింది. నవంబర్ 7న బైడెన్ గెలుపు ఖాయమని చానళ్లు చెప్పగానే ఫిలడెల్ఫియాలో, న్యూయార్క్‌లో జనం రోడ్ల మీద డ్యాన్స్ చేశారు. ఓడిన ట్రంప్ నుంచి అభినందన రాలేదు. 2021 జనవరి 6న ట్రంప్ మద్దతుదారులు అమెరికా పార్లమెంటు భవనం మీద దాడి చేశారు. ఓడినవాడు చెప్పే ఆ నాలుగు మాటలు లేకపోతే గెలిచినవాడి సంబరం అవతలివాళ్లకు దోపిడీలా కనిపిస్తుందని అప్పుడే నాకు పూర్తిగా అర్థమైంది.

మన దగ్గరికి వస్తే, 2024 నవంబర్ 6న పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో సంబరాలు జరిగాయి, ట్రంప్‌తో పాటు ఉపాధ్యక్షుడిగా గెలిచిన జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకుల ఊరది. అదే రోజు తమిళనాడులోని తులసేంద్రపురంలో నిశ్శబ్దం, కమలా హారిస్ తల్లివైపు తాతగారి ఊరు. ముందు రోజు దాకా అక్కడ గుళ్లో పూజలు చేశారు. మన పేపర్లలో ఒక్క ఊరే ఎక్కువగా కనిపించింది. అదే రోజు వాషింగ్టన్‌లో హోవార్డ్ యూనివర్సిటీలో, ముందు రాత్రి ఎదురుచూసి వెళ్లిపోయిన కుర్రాళ్ల ముందుకు హారిస్ వచ్చింది. ట్రంప్‌కు అభినందనలు చెప్పానంది, ఫలితాన్ని ఒప్పుకోవాలంది. బాధపడటం, నిరాశపడటం తప్పు కాదని ఆ పిల్లలకు చెప్పింది. ఆనందం పేరు మీద నడిచిన ప్రచారంలో నాకు బాగా గుర్తుండిపోయిన మాట అదే.

తర్వాతి ఎన్నికల రాత్రి కాపీ రాసినప్పుడు నాకు పంపండి. ఓడినవాళ్ల హాలు గురించి మీరు రాసిన పేరా ముందు చదువుతాను.